గోడవైపు తిప్పిన చొక్కా

ఆయన్ని క్లబ్బులో అందరూ మడతల బాబాయ్ అనేవారు. చేతికి ఏది అందినా మడత పెట్టే అలవాటు ఆయనది. బస్సు టికెట్టు, మందుల చీటీ, బల్ల మీద ఎవరో వదిలేసిన రుమాలు. ఎదుటి మనిషి మాటలు వింటూనే నాలుగు మడతలు వేసి పక్కన పెట్టేవాడు. పెళ్లయిన కొత్తలో భార్య ఒకసారి అన్నది: "నేను కాసేపు కదలకుండా కూర్చుంటే నన్ను కూడా మడిచి బీరువాలో పెట్టేసేలా ఉన్నారు."

ఫుట్‌బాల్ క్లబ్బులో బట్టలు చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరో ఏట చేరాడు. ఇప్పుడు యాభై ఏడు. ప్రేక్షకులు కూర్చునే మెట్ల కింద పొడవాటి నడవా ఉంది. దాని చివర ఆయన గది. రెండు ఉతికే యంత్రాలు, ఒక సిమెంటు తొట్టి, అడ్డంగా కట్టిన తీగల మీద మేజోళ్లు. నెత్తురు మరకకు చన్నీళ్లు వాడాలి. గడ్డి మరకకు సబ్బు కన్నా ముందు ఓపిక కావాలి. చొక్కా వెనక అతికించిన నంబరు ఎండ తగిలితే పగులుతుంది, అందుకని నీడలోనే ఆరేయాలి. ఇవన్నీ ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

చొక్కా చూసి ఆట చెప్పేవాడు. "ఎడం పక్కవాడు ఈ పూట ఒళ్లు దాచుకున్నాడు. చొక్కా మీద చిన్న మరక కూడా లేదు" అనేవాడు. కోచ్ మొదట విని నవ్వాడు. తర్వాత తర్వాత తనే వచ్చి అడిగేవాడు.

పిల్లలు లేరు. భార్య ఆసుపత్రిలో రోగులకు చీటీలు రాసి ఇస్తుంది. సెలవు రోజుల్లో కూడా ఆయన తొట్టి కడిగే వంకతో క్లబ్బుకు వెళ్లేవాడు. అరవై నిండేదాకా ఆ గదిలో ఉండాలి. అంతకు మించి కోరిక లేదు. ఆ తర్వాత ఏం చేస్తారని భార్య అడిగితే "తర్వాత సంగతి తర్వాత" అనేవాడు. ఆయనకు నిజంగానే తెలియదు.

ఆట ఉన్న రోజు పొద్దున్నే ఆటగాళ్ల గదిలో చొక్కాలు తగిలించేవాడు. గోడకు ఇరవై కొక్కేలు. నంబరు గదిలోకి కనిపించేలా, వీపు ఇవతలికి వచ్చేలా తగిలించాలి. వరస నంబర్లది కాదు, ఆయనది. ఒకరంటే ఒకరికి పడనివాళ్లను దూరంగా పెట్టేవాడు. ఆటకు ముందు వాంతి చేసుకునేవాడికి స్నానాల గది పక్కన చోటు. గోలు కాసే గోలీ మూలన, వాడికి మాటలు పడవు. ఇరవై కొక్కేల మీద ఇరవై మంది మనసులు ఉండేవి. అవి ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియవు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆయన కన్నా ముందు ఆ పని చేసిన ముసలాయన నేర్పి వెళ్లాడు. దెబ్బ తగిలి ఆడలేని మనిషి చొక్కా కూడా తగిలించాలి, కానీ నంబరు గోడవైపు తిప్పి తగిలించాలి. మనవాడే, ఈరోజు లేడు అని దాని అర్థం. ఎక్కడా రాసి లేదు. కొత్తగా చేరినవాళ్లు ఒకసారి అడిగి తెలుసుకునేవారు. మళ్లీ అడిగేవారు కాదు.

తలుపు నుంచి మూడో కొక్కెం తొమ్మిదో నంబరుది.

అతను పదిహేడేళ్ల వయసులో వచ్చాడు. అన్న బూట్లు వేసుకుని వచ్చాడు, పాదానికి రెండు అంగుళాలు పెద్దవి. బాబాయ్ ముందు భాగంలో దూది కుక్కి ఇచ్చాడు. ఆ దూదితోనే మొదటి గోలు కొట్టాడు. పదకొండేళ్లలో ఆ ఊళ్లో తొమ్మిది అంటే అంకె కాకుండా పోయింది. "తొమ్మిది వచ్చాడా?" "తొమ్మిది ఆడతాడా?" "తొమ్మిదికి జ్వరమట." లెక్కల మాస్టారు ఆ అంకె పలికితే తరగతిలో చప్పట్లు కొట్టేవారని చెప్పుకునేవారు.

ఆ ఏడాది వేరే దేశపు పెద్ద క్లబ్బు అతన్ని అడిగింది. అతను వెళతానన్నాడు. ఒప్పందం ఇంకా రెండేళ్లుంది, పంపించేది లేదని క్లబ్బు అన్నది. అతను సాధనకు రావడం మానేశాడు. మోకాలు నొప్పి అన్నాడు. నడుం అన్నాడు. చివరికి ఏమీ అనలేదు. క్లబ్బు అతన్ని జట్టులోంచి తీసి, తెల్లవారగానే వచ్చి ఒంటరిగా పరిగెత్తమన్నది. అతను వచ్చి నడిచాడు. గడియారం చూసుకుంటూ మైదానం చుట్టూ నడిచి, చెమట పట్టని చొక్కా బుట్టలో పడేసి వెళ్లేవాడు. బాబాయ్ దాన్ని కూడా ఉతికేవాడు.

ఊరు మొదట రెండుగా చీలింది. తర్వాత ఒకటైంది, అతనికి ఎదురుగా.

ఒకటి చేసినవాళ్లలో బాబాయ్ బావమరిది ముఖ్యుడు. బస్సు డిపోలో మెకానిక్కు. స్టేడియంలో గోలు వెనక మెట్ల మీద నిలబడి వెయ్యిమందితో ఒకే అరుపు అరిపించేవాడు. అందుకే అతన్ని అందరూ గొంతు అనేవారు. తొమ్మిది ఒంటి మీంచి తీసిన చొక్కా ఒకటి బాబాయ్ అతనికి ఇచ్చాడు. అద్దం కట్టించి ముందు గదిలో పెట్టుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకు దేవుడి గది కన్నా ముందు దాన్ని చూపించేవాడు.

ఒక ఆదివారం కుడి చేతికి కట్టు కట్టుకుని అక్కాబావల ఇంటికి వచ్చాడు.

"ఏమైందిరా?" అక్క అడిగింది.

"చొక్కా తగలబెట్టా."

"ఎవరిది?"

"ఇంకెవరిది? ఆ పుట్టుపూర్వోత్తరాలు మరిచినోడిది. క్లబ్బు గేటు ముందు పెట్టి అంటించా. వందమంది వీడియో తీశారు."

"చొక్కా అంటిస్తే చెయ్యి ఎందుకు కాలింది?"

బాబాయ్ పేపరు మడుస్తూ అన్నాడు. "అది పాలిస్టరు. కాలదు, కరుగుతుంది. కరిగి అంటుకుంటుంది. నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా."

"నిన్నడిగి తగలబెట్టాలా బావా?"

"నూలు బనీను అయితే శుభ్రంగా కాలేది."

అక్క నవ్వింది. గొంతు నవ్వలేదు. "నీకు వాడంటే ఇష్టం, నాకు తెలుసు. వాడు నీకు బాబాయ్ బాబాయ్ అని కబుర్లు చెప్తాడు. రేపు వెళ్లేటప్పుడు చెప్పి వెళ్తాడేమో చూడు."

"వెళ్లనీ. ఎవరి బతుకు వాళ్లది."

"వాడి బతుకు కాదు బావా అది. మాది." కట్టు ఉన్న చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. నొప్పికి వెంటనే తీసేశాడు.

ఆ రోజుల్లో మూడో కొక్కెం ఖాళీగా ఉండేది. దెబ్బ తగలలేదు కాబట్టి చొక్కా గోడవైపు తిప్పడం కుదరదు. వెళ్లిపోలేదు కాబట్టి ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. అతను ఉన్నాడు, లేడు. అలాంటి మనిషికి ఆ గదిలో పద్ధతి లేదు. ముసలాయన చెప్పి వెళ్లలేదు. చొక్కా తగిలించమని క్లబ్బు అనలేదు, వద్దనీ అనలేదు. జాబితాలో పద్దెనిమిది పేర్లు వచ్చేవి. బాబాయ్ పద్దెనిమిది తగిలించేవాడు.

ఖాళీ కొక్కెం ఎవరి కంటికైనా ఆనుతుంది. నాలుగో వారం ఎవరో దానికి తడి తువ్వాలు తగిలించారు. బాబాయ్ తీసి తీగ మీద వేశాడు. ఐదో వారం మళ్లీ తువ్వాలు, దాని మీద ఇంకొకరి సంచి. సంచి నుంచి షాంపూ కారి గోడ మీద చార పడింది. చార తుడిచాడు. ఆరో వారం కొక్కెం వంగిపోయి ఉంది. సుత్తితో సరిచేశాడు. ఇక ఊరుకుంటే అది ఎవరిదీ కాకుండా పోతుందని అనిపించింది.

ఏడో వారం పక్క ఊరి జట్టుతో ఆట. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఆట. పొద్దున ఆరింటికి బాబాయ్ పద్దెనిమిది చొక్కాలు తగిలించాడు. తర్వాత గదికి వెళ్లి అల్మారాలోంచి తొమ్మిదో నంబరు తెచ్చి, నంబరు గోడవైపు తిప్పి, మూడో కొక్కేనికి తగిలించాడు. ముడతలు సరిచేశాడు. ఎవరూ తువ్వాలు వేయరు కదా అనుకున్నాడు. అంతకన్నా ఏమీ అనుకోలేదు.

ఆట రోజు ఆయన ఫోను అల్మారాలో పెట్టి తాళం వేసేవాడు. ఆ రోజు కూడా వేశాడు.

పదకొండింటికి క్లబ్బు ఫొటోగ్రాఫరు వచ్చి, ఎప్పటిలాగే ఆటగాళ్ల గది ఫొటో తీసి క్లబ్బు పేజీలో పెట్టింది. "మేం సిద్ధం. మీరు?" అని కింద రాసింది.

ఆ ఊళ్లో కొక్కేలు తెలియనివాళ్లు లేరు. ఎన్నో ఏళ్లుగా అలాంటి ఫొటోలు చూస్తున్నారు. తిప్పి తగిలించిన చొక్కా అర్థం మాత్రం ఆ గదిలోవాళ్లకే తెలుసు. పది నిమిషాల్లో ఒకరు లెక్క పెట్టారు. పద్దెనిమిది ఉండాలి, పంతొమ్మిది ఉన్నాయి. మూడో కొక్కెం మీద చొక్కా ఉంది. దానికి నంబరు కనిపించడం లేదు. ఎందుకు కనిపించడం లేదు? దాచారు కాబట్టి. ఎందుకు దాచారు? చివరి క్షణంలో మనల్ని ఆశ్చర్యపరచాలని. మధ్యాహ్నానికి ఊరంతా ఆ వార్తే. తొమ్మిది ఆడుతున్నాడు. గొడవ తీరిపోయింది. క్లబ్బు నాటకం ఆడుతోంది, నాటకం చెడగొట్టకండి అని ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు.

గొంతు బాబాయ్‌కి పద్నాలుగుసార్లు ఫోన్ చేశాడు. అది అల్మారాలో మోగింది. ఎత్తలేదంటే నిజమే, చెప్పకూడదన్నారన్నమాట అని గొంతు తేల్చుకున్నాడు. చొక్కా కాల్చిన చేత్తోనే కొత్త గుడ్డ మీద ఎర్ర రంగుతో పెద్ద తొమ్మిది వేశాడు.

నాలుగింటికి ఆట మొదలైంది. మెట్ల మీద కూర్చోవడానికి చోటు లేదు. జట్టు పేర్లు చదివారు. అందులో తొమ్మిది లేడు. జనం నవ్వారు. రెండో సగంలో దింపుతారని అనుకున్నారు. మొదటి సగంలో పక్క ఊరివాళ్లు రెండు గోల్స్ కొట్టారు. జనం ఇంకా పాడుతూనే ఉన్నారు. రెండో సగంలో పావుగంట గడిచాక పాట ఆగింది. మూడో గోలు పడ్డాక కుర్చీలు లేచాయి. కింద గదిలో బాబాయ్ మేజోళ్లు జత చేస్తున్నాడు. పైకప్పు మీద అడుగుల చప్పుడు మారడం విన్నాడు. గెలిచినప్పటి చప్పుడు తెలుసు, ఓడినప్పటిదీ తెలుసు. ఇది రెండూ కాదు.

గేటు విరగ్గొట్టారు. గేటు దగ్గర ఉండే ముసలి కాపలాదారు చెయ్యి విరిగింది. బయటికి వస్తున్నవాళ్లు సగం మంది క్లబ్బును తిట్టారు. మిగతా సగం తొమ్మిదిని తిట్టారు. మమ్మల్ని మోసం చేశారని మాత్రం అందరూ ఒకే మాట అన్నారు.

మర్నాడు పొద్దున కార్యదర్శి పిలిచాడు. అతను బాబాయ్ కన్నా ఇరవై ఏళ్లు చిన్న. కూర్చోమన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గదిలో బాబాయ్‌ని ఎవరూ కూర్చోమనలేదు. ఆయనకు భయం వేసింది.

"చొక్కా ఎవరు తగిలించమన్నారు?"

"ఎవరూ అనలేదు సార్. నేనే."

"మీరే ఎందుకు తగిలిస్తారండీ? ఆరు వారాలుగా తగిలించలేదుగా."

"తువ్వాళ్లు వేస్తున్నారు సార్."

కార్యదర్శి పెన్ను కింద పెట్టాడు. "అర్థం కాలేదు."

బాబాయ్ చెప్పాడు. ముసలాయన గురించి, గోడవైపు తిప్పడం గురించి, షాంపూ చార గురించి. చెబుతుంటే ఆయనకే అది చిన్న పిల్లల మాటలా వినిపించింది. కార్యదర్శి ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఒక కాగితం ముందుకు జరిపాడు. తొమ్మిదో నంబరు ఆటగాడు ఫోన్ చేసి, జనాన్ని క్లబ్బు మీదికి ఎగదోయడానికి తన చొక్కా తగిలించమని అడిగాడని అందులో ఉంది. కింద బాబాయ్ పేరు టైపు చేసి ఉంది. సంతకానికి చోటు ఉంది.

"అతను ఫోన్ చేయలేదు సార్."

"చేసి ఉండొచ్చు. మీరు మరిచిపోయి ఉండొచ్చు. మీకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. ప్రశాంతంగా చేసుకోండి. నాలుగు రోజులు ఆలోచించుకోండి."

బాబాయ్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటి ముందు కారు ఆగింది. తొమ్మిది తరఫున మాట్లాడే ఏజెంటు. సెంటు వాసన ముందు వచ్చింది, మనిషి తర్వాత. భార్య కుర్చీ వేసింది. అతను కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"బాబాయ్ గారూ, మా వాడు మీ గురించి రోజూ చెప్తాడు. దూది కథ కూడా చెప్పాడు. మీరు ఒక్క మాట చెప్తే చాలు. చొక్కా తగిలించమని క్లబ్బే చెప్పింది, టికెట్లు అమ్ముకోవడానికి జనాన్ని మోసం చేసింది అని. మా లాయరు రాసుకుంటాడు. మీ ఉద్యోగం పోతే మేమున్నాం. అక్కడ కొత్త క్లబ్బులో కూడా బట్టలుంటాయి కదా." తన జోకుకు తనే నవ్వాడు.

"క్లబ్బు చెప్పలేదండీ."

"మరెవరు చెప్పారు?"

"అలవాటు."

ఏజెంటు భార్య వైపు తిరిగాడు. "అమ్మా, మీరైనా చెప్పండి. అలవాటుతో కోర్టులో ఎవరికి పని?"

అతను వెళ్లాక భార్య గుమ్మంలోనే నిలబడింది. "దున్నలు దున్నలు కుమ్ములాడుకుంటే లేగల కాళ్లు విరిగాయట" అన్నది. తర్వాత దగ్గరికి వచ్చి కూర్చుంది. "నేనొక మాట చెప్తా, వింటారా? ఏదో ఒకదాని మీద సంతకం పెట్టండి. ఏ పడవైనా ఫర్వాలేదు. నీళ్లలో మాత్రం ఉండకండి."

"రెండూ అబద్ధాలే."

"అబద్ధమైతే ఏం? ఆసుపత్రిలో రోజుకు యాభై చీటీలు రాస్తా. నొప్పి ఎంత అని అడిగితే ఎవరు నిజం చెప్తున్నారు?"

"అతని మీద రాయలేను. క్లబ్బు మీదా రాయలేను. అన్నం పెట్టింది."

"అన్నం పెట్టింది క్లబ్బు కాదు, నేను" అన్నది ఆమె. ఇద్దరూ కొద్దిగా నవ్వారు. ఆ ఇంట్లో అదే చివరి నవ్వని అప్పుడు తెలియదు.

మూడో రోజు ఆయన తనే తొమ్మిదికి ఫోన్ చేశాడు. ఎప్పుడూ చేయలేదు. నంబరు మాత్రం పాత డైరీలో ఉంది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు.

"బాబాయ్! బాగున్నావా?"

"బాగున్నా. నువ్వు ఒక్క మాట అనాలిరా. ఎక్కడైనా సరే, ఎవరితోనైనా సరే. బాబాయ్ అలవాటు కొద్దీ తగిలించాడు, గోడవైపు తిప్పితే ఆడడం లేదని అర్థం అని. నీకు తెలుసు కదా. రెండేళ్ల క్రితం నీ కాలు విరిగితే అలాగే తగిలించాను కదా."

"తెలుసు బాబాయ్. నాకు తెలుసు."

"అది చెప్తే చాలు."

"నేనేం మాట్లాడినా లాయరు చూడాలి బాబాయ్. మాట కూడా నాది కాదిప్పుడు. నాకు ఇరవై ఎనిమిది. ఇంకో నాలుగేళ్లు పరిగెడితే గొప్ప. ఈ మోకాలు సంగతి నీకు తెలుసు. ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడూ పోలేను. నువ్వు మా వాళ్లు చెప్పినట్టు చెప్పు. నేను నిన్ను వదలను."

"చెప్పలేనురా."

"నీ ఇష్టం బాబాయ్." ఫోను పెట్టేయబోతూ అన్నాడు. "పిన్నిని అడిగానని చెప్పు."

నాలుగో రోజు బాబాయ్ కార్యదర్శి బల్ల మీద కాగితం పెట్టాడు. ఎనిమిది మడతలు ఉన్నాయి. సంతకం లేదు. దాని వెనకవైపు తన చేతిరాతతో ఒక వాక్యం రాశాడు. చొక్కా నేనే తగిలించాను, నన్ను ఎవరూ అడగలేదు. దాని కింద సంతకం పెట్టాడు.

కార్యదర్శి అది చదివి, "ఇది మాకు పనికిరాదండీ" అన్నాడు. కానీ పారేయలేదు. ఫైల్లో పెట్టుకున్నాడు.

తర్వాత పదిహేను రోజులు ఏమీ జరగలేదు. బాబాయ్ రోజూ వెళ్లేవాడు. ఉతికేవాడు, ఆరేసేవాడు. ఆటగాళ్లు గదిలోకి వచ్చి అడిగినది తీసుకుని వెళ్లేవారు. క్లబ్బు మనిషని కొందరు, తొమ్మిది మనిషని కొందరు అనుకున్నారు. అందుకని ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. గోలీ ఒక్కడు నడవాలో ఎదురైనప్పుడు భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. మాటలు పడని మనిషి కాబట్టి అంతకన్నా ఏమీ అనలేదు.

ఏమీ జరగడం లేదు కాబట్టి అది దాటిపోయిందేమో అని ఆయన అనుకోవడం మొదలుపెట్టాడు. మేజోళ్లు ఎండే తీగ సాగిపోయిందని, కొత్త తీగ కావాలని చీటీ రాసి పంపాడు.

పదహారో రోజు క్లబ్బు, తొమ్మిది రాజీ పడ్డారు. ఏడాది ఆడతాడు, జీతం పెరుగుతుంది, ఏడాది తర్వాత ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లొచ్చు. యజమాని, తొమ్మిది పక్కపక్కన కూర్చుని చేతులు కలిపారు. ఒక ప్రకటన చదివారు. తమ మధ్య ఎప్పుడూ ద్వేషం లేదని, అభిమానులకు కలిగిన బాధకు చింతిస్తున్నామని అందులో ఉంది. ఆ రోజు చొక్కా తగిలించడం ఒక ఉద్యోగి సొంత పొరపాటని, ఆ సంగతి అతనే రాసి ఇచ్చాడని, తగిన చర్య తీసుకున్నామని ఉంది.

మూడు వారాలు ఎవరికీ పనికిరాని మాట ఇప్పుడు ఇద్దరికీ పనికొచ్చింది. దాన్ని ఇద్దరూ ఒప్పుకున్నారు.

భార్య టీవీ ముందు నిలబడి విన్నది. ప్రకటన అయిపోయాక కూడా నిలబడే ఉంది. "ఒక ఉద్యోగి అంటే మీరేనా?" అని అడిగింది. తెలియక అడిగింది కాదు.

ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఉత్తరం మర్నాడు వచ్చింది. ఆయన తాళాలు ఇవ్వడానికి వెళ్లాడు. కార్యదర్శి మీటింగులో ఉన్నాడు. తాళాలు తీసుకోవడానికి ఎవరికీ అధికారం లేదని కింద కూర్చున్న గుమాస్తా అన్నది. ఆయన గంటన్నర బెంచీ మీద కూర్చున్నాడు. చివరికి ఆమె ఒక కవరిచ్చి, అందులో వేసి అతికించి పైన పేరు రాయమన్నది. పేరు రాస్తుంటే ఆమె చూసి, "మీ పేరు ఇదా!" అన్నది. పదేళ్లుగా రోజూ నమస్కారం పెట్టిన మనిషి.

బయట కోపం అంతా ఇప్పుడు ఒకవైపు వచ్చింది. క్లబ్బు మనదే, తొమ్మిది మనవాడే, మరి మోసం చేసింది ఎవరు? ముసలోడు కావాలని చేశాడని కొందరు రాశారు. పక్క ఊరివాళ్ల దగ్గర తిన్నాడని కొందరు. గేటు కాపలాదారు విరిగిన చేతి ఫొటో కింద ఆయన ఫొటో పెట్టారు. ఎవరో ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో చొక్కా బొమ్మ గీసి పోయారు. భార్య పొద్దున్నే లేచి బ్రష్షుతో రుద్దింది. పోలేదు. ఆయన వచ్చి చూసి, "అది నూనె రంగు. నీళ్లకు పోదు, కిరసనాయిలు కావాలి" అని చెప్పాడు. చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

ఓడెక్కేదాకా ఓడమల్లయ్య, ఓడ దిగాక బోడిమల్లయ్య అని సామెత. ఓడ ఎక్కకుండానే దిగినవాణ్ణి ఏమంటారో సామెతలో లేదు.

రెండు వారాల తర్వాత గొంతు వచ్చాడు. చేతి కట్టు విప్పేశాడు. అరచేతిలో చర్మం మెరుస్తోంది. కొత్త చొక్కా కొనుక్కున్నాడు, వీపు మీద తొమ్మిది.

"అద్దం కూడా కట్టించావా?" అక్క అడిగింది.

"కట్టిస్తా. ఎత్తిపొడవకు అక్కా. మనవాళ్లు తప్పు చేస్తే తిడతాం, దగ్గరికొస్తే కలుపుకుంటాం. అభిమానం అంటే అదే."

"మీ బావను ఎప్పుడు కలుపుకుంటారు?"

గొంతు తల దించుకున్నాడు. "నేను చెప్తూనే ఉన్నా అక్కా, మా బావ అలాంటోడు కాదని. వినేవాళ్లేరీ? బావా, నువ్వు ఆ రోజే చెప్పి ఉండాల్సింది, నేనే తగిలించానని."

"చెప్పాను" అన్నాడు బాబాయ్.

"గట్టిగా చెప్పాల్సింది."

బాబాయ్ చేతులు ఒళ్లో ఉన్నాయి. గొంతు జేబులోంచి టికెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. "రేపు తొమ్మిది తిరిగొచ్చాక మొదటి ఆట. నా పక్కన కూర్చో. నా పక్కనుంటే నిన్ను ఎవడూ ఏమీ అనడు. ఇంట్లో ఎన్నాళ్లు కూర్చుంటావు? మనుషుల్లో పడు బావా."

టికెట్టు బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"వెళ్లండి" అన్నది భార్య. "నేను ఆసుపత్రికి పోతే ఒక్కరే ఉంటారు."

వెళ్లాడు. మామూలు గేటు నుంచి, వరసలో నిలబడి వెళ్లాడు. చెయ్యి విరిగిన కాపలాదారు స్థానంలో వేరే మనిషి ఉన్నాడు. అతను బాబాయ్ జేబులు తడిమి లోపలికి పంపాడు. మెట్లు ఎక్కుతుంటే తన కాళ్ల కింద ఏ గది ఉందో లెక్క కట్టుకోకుండా ఉండలేకపోయాడు. ఇక్కడ నడవా. ఇక్కడ తొట్టి. గొంతు చూపించిన చోట కూర్చున్నాడు. అంత పచ్చగా ఉంటుందని తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆట జరుగుతుండగా మైదానాన్ని పైనుంచి చూడడం అదే మొదటిసారి.

జట్లు బయటికి వచ్చాయి. తొమ్మిది చివరగా వచ్చి మెట్ల వైపు రెండు చేతులూ జోడించాడు. అరుపు వచ్చింది. గొంతు ఏడుస్తున్నాడు. బాబాయ్‌కి అంత దూరం నుంచి మొహాలు ఆనలేదు. నంబర్లు మాత్రం కనిపించాయి. గోలీ మేజోడు ఒకటి జారి ఉంది, లోపల కట్టే పట్టీ ఎవరూ వేయలేదు. మూడో నంబరు చొక్కా మీద నంబరు అంచు లేచి ఉంది. ఎండలో ఆరేసి ఉంటారు.

ముందు వరసలో ఒకతను వెనక్కి తిరిగి ఆయన్ని చూశాడు. మళ్లీ చూశాడు. పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. గొంతు ఆ వైపు వేలు చూపించి, "ముందుకు చూడరా" అని అరిచాడు. వాళ్లు నవ్వి ముందుకు తిరిగారు.

అరగంట ఆడాక తొమ్మిదికి బంతి అందింది. ఇద్దరిని దాటాడు. కుడి మోకాలిని కొద్దిగా కాచుకుంటూ పరిగెత్తుతున్నాడని బాబాయ్ గమనించాడు. ఆ మోకాలు ఏడాది దాటదు అనుకున్నాడు. బంతి వలలో పడింది.

అందరూ లేచారు. కూర్చుంటే ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆయన కూడా లేచాడు.